కారు కిందికి దూరిన అక్క

తమ్ముడూ,

నువ్వు, మరదలు, పిల్ల క్షేమమని తలుస్తాను. ఫోన్ చెయ్యకుండా ఈ ఉత్తరం ఏమిటంటావా? ఫోన్లో నేను "కారు" అనగానే నువ్వు నవ్వడం మొదలుపెడతావు. కాగితం మీదైతే నువ్వెంత నవ్వినా నాకు వినపడదు.

మీ బావకి రెండో కంటి ఆపరేషను కూడా అయింది. చూపు వస్తుందన్నారు కానీ మూడు నెలలు వారం వారం పెద్దాసుపత్రికి తీసుకురమ్మన్నారు. ఇకమీదట స్టీరింగు మాత్రం పట్టుకోవద్దన్నారు. మా పాత కారు ఆ మాట విన్నదో ఏమో, అదే వారం ఇంజను బిగుసుకుపోయి కూర్చుంది. పాత ఇనుము కింద ఇచ్చేశాం. అప్పట్నుంచీ బస్సే. పోయిన వారం బస్సులో ఎవరిదో సంచీ మూల ఆయన కంటికట్టుకి తగిలింది. కంటికి ఏమీ కాలేదు గానీ ఆ రోజు నుంచి కుట్టుమిషను మీద నాకు కాలు ఆడటం లేదు.

నాకు లైసెన్సు వచ్చి నాలుగు నెలలైంది. ఆరేళ్ళుగా స్కూలు యూనిఫారాలు కుట్టి దాచింది ఉంది. అప్పు చెయ్యకుండా చిన్న కారు వస్తుంది. నిన్న మా ఊరి షోరూముకి వెళ్ళాం. బోర్డు మీద ఒక ధర, చేతికిచ్చిన కాగితం మీద ఇంకో ధర, అమ్మే అమ్మాయి నోట మూడో ధర. బట్ట కొంటే మీటరు ఇంత అంటారు, అయిపోతుంది. కారుకి అలా ఎందుకు చెప్పరు? నువ్వు పదకొండేళ్ళు షోరూములో కార్లు అమ్మావు. ఇప్పుడది మానేసి డ్రైవింగ్ స్కూలు పెట్టుకున్నావు కాబట్టి నిజం చెప్పడానికి నీకు అడ్డేమీ లేదు. చెప్పు.

దీవెనలతో,
మీ అక్క

తా.క. ఆ అమ్మాయి "ఎలాంటి కారు కావాలి సార్?" అనడిగితే మీ బావ "తలుపు లాగితే తెరుచుకునేది" అన్నాడు. పాత కారుతో ఇరవై ఏళ్ళు కాపురం చేసిన మనిషి. ఆయన కోరికలు అంతవరకే.

*

అక్కకి నమస్కారాలు.

నవ్వాను. బస్సు సంగతి దగ్గరికి వచ్చేసరికి ఆపేశాను.

ఇక విను. బోర్డు మీద ఉన్నది కంపెనీ పెట్టిన ధర. దానిమీద సర్కారుకి కట్టే రిజిస్ట్రేషను, తర్వాత ఇన్సూరెన్సు. ఇవి తప్పవు. అయితే ఇన్సూరెన్సు వాళ్ళ దగ్గరే తీసుకోవాలని ఎక్కడా లేదు, బయట తక్కువకి దొరుకుతుంది. ఇక కింద చిన్న అక్షరాల్లో "హ్యాండ్లింగ్ ఛార్జీలు" అని ఉంటుంది చూడు. అంటే కారుని వాళ్ళ గోడౌను నుంచి వాళ్ళ షోరూముకే తెచ్చుకున్నందుకు నువ్వు కట్టే కూలి! దాని కింద సీటు కవర్లు, మ్యాట్లు, పెయింటుకి పూత అన్నీ కలిపి ఒక ప్యాకేజీ. అవి నువ్వు వద్దనాల్సినవి.

అసలు రహస్యం వేరే ఉంది. డీలరు కంపెనీకి కట్టేది బోర్డు ధర కంటే తక్కువ. ఆ తేడా ఆయన లాభం, తగ్గిస్తే అందులోంచే తగ్గించాలి. మామూలు రోజుల్లో ప్రాణం ఒప్పదు. నెలాఖరుకి మాత్రం ఇన్ని కార్లు అమ్మాలని లెక్క ఉంటుంది. ఒకటో రెండో తక్కువ పడితే కంపెనీ ఇచ్చే బోనసు పోతుంది. బేరానికి అప్పుడు దిగాలి.

నువ్వు చెయ్యాల్సిందల్లా, కారు నచ్చినట్టు మొహంలో కనపడనీయకు. ప్రతి పద్దూ విడివిడిగా రాయించుకో. ధర అడిగాక ఇక మాట్లాడకు. ఎదుటివాడి మౌనం భరించలేనివాడే ముందు తగ్గుతాడు. నోరుంటే తల కాస్తుందంటారు గానీ షోరూములో మాత్రం నోరు మూసుకుంటేనే.

ఇట్లు,
మాజీ అమ్మకందారు, ప్రస్తుతం నీ తమ్ముడు

తా.క. "ఈ రేటు మీ కోసం ప్రత్యేకం" అంటే కరిగిపోకు. ఆ మాట నేను రోజుకి ఇరవై మందితో అనేవాణ్ణి. అబద్ధం కాదు, ఇరవై మందీ ప్రత్యేకమే.

*

తమ్ముడూ,

నీ విద్య పనిచేస్తోంది!

కారు నచ్చినట్టు కనపడకూడదని మొహం ఎంత బిగించానంటే, ఆ అమ్మాయి "కడుపునొప్పా మేడమ్?" అనడిగి మంచినీళ్ళు తెచ్చింది. నేను పలకలేదు. ఆర్డర్లు రాసుకునే పుస్తకం తీశాను. యూనిఫారాల మూటలు పడతాయో లేదో చూద్దామని వెనక డిక్కీ తెరిచి టేపుతో పొడుగు, వెడల్పు, లోతు కొలిచి రాసుకున్నాను. చేతిలో టేపు ఉంటే ఊరుకోలేను కదా, తలుపుకీ తలుపుకీ మధ్య సందులు కూడా కొలిచాను. ఎడమవైపు సందు కుడివైపు కంటే కాస్త ఎక్కువ. అదీ రాశాను.

తర్వాత ప్రతి పద్దూ విడివిడిగా రాసిమ్మన్నాను. రాసిచ్చింది. హ్యాండ్లింగ్ ఛార్జీల మీద వేలు పెట్టి, "ఇదేమిటి?" అని అడిగి ఊరుకున్నాను. ఆ అమ్మాయీ ఊరుకుంది. పావుగంట అలాగే కూర్చున్నాం. మీ బావ కునికిపాట్లు పడ్డాడు. చివరికి ఆ అమ్మాయి లేచి లోపలికి వెళ్ళింది. మేనేజరు చొక్కా పైగుండీ పెట్టుకుంటూ వచ్చాడు. "మేడమ్ ఎక్కణ్ణుంచి వచ్చారు?" అన్నాడు. నువ్వు మాట్లాడొద్దన్నావు కాబట్టి నేను మాట్లాడలేదు. ఆయన నా పుస్తకం వైపు చూశాడు, టేపు వైపు చూశాడు, పెన్ను తీసి హ్యాండ్లింగ్ ఛార్జీలు తనంతట తనే కొట్టేశాడు!

మౌనానికి ఇంత బలముందని తెలిస్తే పెళ్ళైన కొత్తలోనే మొదలుపెట్టేదాన్ని.

నీ శిష్యురాలు,
అక్క

తా.క. బయల్దేరేముందు నేను డిక్కీ ఇంకోసారి చూస్తుండగా మేనేజరు మీ బావని పక్కకి తీసుకెళ్ళి, "మేడమ్ ఏం చేస్తుంటారు సార్?" అనడిగాడట. ఈయన నా కుట్టుపని సంగతి చెబుతున్నాననుకుని, "కొలతలు తీస్తుంది. ఎక్కడ తేడా కనపడినా మొత్తం విప్పించేస్తుంది" అన్నాడట.

*

అక్కకి,

తనంతట తానే కొట్టేశాడా? నా పదకొండేళ్ళ సర్వీసులో ఆ పని చేసిన మేనేజరుని చూడలేదు. బతిమాలించుకుని, టీ ఇచ్చి, యజమానితో ఫోన్లో మాట్లాడినట్టు నటించి అప్పుడు సగం కొట్టేస్తాం. అడగకుండా కొట్టేశాడంటే ఏదో లోపం ఉన్న బండిని నీకు అంటగట్టాలని చూస్తున్నాడు. పోయిన ఏడాది తయారై గోడౌనులో పడివున్న కారు కావచ్చు. ఎలకలు వైర్లు కొరికిందైనా కావచ్చు.

ఒక్క పైసా కట్టకు. టార్చిలైటు తీసుకెళ్ళు. ముందు తలుపు తెరిస్తే పక్కన చిన్న రేకు మీద తయారైన నెల, సంవత్సరం ఉంటాయి. టైర్ల మీద కూడా తేదీ అంకెలు ఉంటాయి. కిందికి వంగి తుప్పు ఉందేమో చూడు. అన్నీ రాసుకో. ఇవాళే ఖాయం చెయ్యమని తొందరపెడితే, "పైవాళ్ళని అడిగి చెబుతాను" అను. మేనేజర్లు మన మీద వాడే మాటే అది. వాళ్ళ మీద మనమూ వాడాలి.

జాగ్రత్త అక్కా. ఆరేళ్ళు కుట్టిన కుట్లు ఒక్క సంతకంతో ఊడిపోకూడదు.

నీ తమ్ముడు

తా.క. బావని నోరు తెరవనీయకు.

*

తమ్ముడూ,

నువ్వు కిందికి వంగి చూడమన్నావు. నా నడుము సంగతి నీకు తెలుసు, వంగితే లేవలేను. అందుకని పేపరు పరిచి వెల్లకిలా పడుకుని కారు కిందికే దూరాను. టార్చి వేసుకుని ఈ చివర నుంచి ఆ చివరదాకా చూశాను. తుప్పు లేదు. బయటికి తల పెట్టేసరికి నా చుట్టూ ఎనిమిది జతల బూట్లు. షోరూములో ఉన్నవాళ్ళంతా వచ్చి వరసగా నిలబడ్డారు. ఒకతను నోట్లో బిస్కట్టు నమలడం ఆపేసి మరీ నిలబడ్డాడు.

నువ్వు అనుమానించినట్టే అయింది. రేకు మీద చూస్తే కారు తయారై పద్నాలుగు నెలలు. నేను ఏమీ అనలేదు, రాసుకున్నాను. మేనేజరు మొహం ఉతికిన గుడ్డలా తెల్లబోయింది. "పొరపాటు మేడమ్! ఈ నెలలో తయారైన బండి తెప్పిస్తాను" అన్నాడు. ప్యాకేజీ కొట్టేశాడు. ఇన్సూరెన్సు ఎక్కడ తీసుకున్నా తమకి అభ్యంతరం లేదని కాగితం మీద రాసి సంతకం పెట్టాడు. ఇదంతా చూసి నాకే భయమేసి, "పైవాళ్ళని అడగాలి" అన్నాను.

ఆయన గొంతు తగ్గించి, "పైవాళ్ళంటే ఎవరు మేడమ్?" అన్నాడు. నా తమ్ముడంటే ఏం బాగుంటుందని, "ఆయన పదకొండేళ్ళుగా మీలాంటి వాళ్ళని చూస్తున్నారు" అన్నాను. పాపం, అక్కడే కుర్చీలో కూర్చుండిపోయాడు.

నెలాఖరు రోజున కొత్త బండి వస్తుంది. అప్పుడే డబ్బు కట్టాలి. వీళ్ళకి నేనంటే ఎందుకింత భక్తి? నాకేమీ అర్థం కావడం లేదు. వెంటనే రాయి.

అక్క

తా.క. చేతులు కడుక్కోవడానికి వెళ్తుంటే ఒకాయన నాకంటే ముందు పరిగెత్తి కొత్త సబ్బు పెట్టొచ్చాడు. ఆ సబ్బు మీద పేరు కూడా అరగలేదు. చేతులు పెట్టడానికి మనసొప్పలేదు.

*

అక్కా,

నీ ఉత్తరం రెండుసార్లు చదివాను. మూడోసారి నీ మరదలు గట్టిగా చదివింది. అప్పుడు బుర్రకెక్కింది.

కార్ల కంపెనీలు ఏడాదికోసారి తమ మనుషుల్ని కొనేవాళ్ళలా షోరూములకి పంపిస్తాయి. వాళ్ళు మామూలుగా వచ్చి, ధర అడిగి, అన్నీ రాసుకుని పోయి మార్కులు వేస్తారు. మార్కులు తగ్గితే మేనేజరు ఉద్యోగం ఊడినా ఊడుతుంది. అక్కా, నువ్వా మనిషివని వాళ్ళు అనుకుంటున్నారు! టేపు, పుస్తకం, మౌనం, కారు కింద పడక, ఆపైన "పైవాళ్ళు". నేనక్కడ మేనేజరునైతే నీకు సబ్బుతో పాటు తువ్వాలు కూడా పెట్టేవాణ్ణి.

ఇప్పుడేం చెయ్యాలో నాకు పాలుపోవడం లేదు. నిజం చెబితే కొట్టేసినవన్నీ మళ్ళీ కాగితం మీదికి వస్తాయేమో. చెప్పకపోతే, రేపు తెలిసి మోసం చేశావని నీమీద పడతారేమో. నా సలహా అడిగితే, బిల్లు చేతికొచ్చేదాకా మౌనం సాగించు. నీ మరదలు మాత్రం "మీ అక్కకి అబద్ధం నప్పదు, మొహంలో తెలిసిపోతుంది" అంటోంది.

భయంతో,
తమ్ముడు

తా.క. బిల్లు చేతికొచ్చాక అక్కడ ఒక్క క్షణం కూడా నిలబడకు. గేరు మాత్రం జాగ్రత్త. కంగారులో రివర్సు వేశావంటే అద్దం తలుపు పగలగొట్టుకుంటూ లోపలికే పోతావు.

*

తమ్ముడూ,

ఊపిరి పీల్చుకో. నేను పీల్చుకున్నాను.

మరదలన్నదే నిజం. డబ్బు సంచీలో పెట్టుకుని, మీ బావని పక్కన కూర్చోబెట్టుకుని బల్ల ముందు కూర్చున్నాను. మేనేజరు బిల్లుని రెండుసార్లు సాఫుచేసి, మడత లేదని చూసుకుని నా ముందుకి జరిపాడు. ఆ అవస్థ చూశాక నావల్ల కాలేదు. ఆయనకీ ఇంట్లో పెళ్ళాం పిల్లలు ఉంటారు కదా. "బాబూ, నేను కంపెనీ మనిషిని కాను. స్కూలు యూనిఫారాలు కుట్టుకుంటాను. పైవాళ్ళంటే నా తమ్ముడు. ఇప్పుడెంత పెంచుతారో పెంచి చెప్పండి. ఎక్కువైతే వెళ్ళిపోతాం" అన్నాను.

ఆయన నావైపు చూశాడు. సీసాడు నీళ్ళు గటగటా తాగాడు. తర్వాత బల్ల మీద తలపెట్టి నవ్వడం మొదలుపెట్టాడు. భుజాలు అదిరిపోతున్నాయి. నవ్వో ఏడుపో తెలియక మీ బావ, "ఎవరైనా పోయారా?" అని నా చెవిలో అడిగాడు.

"అమ్మా, పది రోజులుగా నాకు అన్నం సయించలేదు" అన్నాడు మేనేజరు కళ్ళు తుడుచుకుంటూ.

"మరి ఈ తగ్గించినదంతా?" అన్నాను.

"తగ్గించిందెక్కడమ్మా! కొట్టేసినవన్నీ అసలు మిమ్మల్ని అడగకూడనివి. బోర్డు ధరలో ఒక్క పైసా తగ్గలేదు. కంపెనీవాళ్ళ ముందు బోర్డు ధర దాటి కిందికి దిగితే మాకు అక్షింతలు పడతాయి. అందుకే ధర జోలికి పోలేదు. మీరు మామూలు మనిషని మొదటి రోజే చెబితే అప్పుడే పది వేలు తగ్గించేవాణ్ణి!"

చూశావా నీ విద్య! ఇన్నాళ్ళూ నేను మొహం బిగించి, నోరు కట్టుకుని, కారు కింద పొర్లి సాధించిందేమిటంటే, అందరికీ న్యాయంగా రావాల్సిన ధర. అంతే.

నేను బల్ల మీద మోచేతులు ఆనించి, "సరే, నేను మామూలు మనిషినేనండీ. తగ్గించండి" అన్నాను. ఆ అమ్మాయి పక్కనుంచి, "సార్, ఈ నెల లెక్కకి ఇంకొక్క కారే తక్కువ" అని గొణిగింది. పాపం, మేనేజరుకి చెబుతున్నాననుకుంది. విన్నది నేను. పది వేలు పదిహేనైంది. కొట్టేసినవి మళ్ళీ రాయలేదు. అవి మళ్ళీ రాయడానికి తనకే సిగ్గేసిందట.

ఆసుపత్రికి తిన్నగా కారులోనే వెళ్ళాం. నేనే నడిపాను. కిటికీ అద్దాలు ఎత్తేస్తే దుమ్ము లేదు, సంచీలు లేవు. డాక్టరు కట్టు తీసి చూసి, బాగా మానింది, ఇక పదిహేను రోజులకోసారి వస్తే చాలన్నాడు. తిరిగొచ్చేటప్పుడు మీ బావ దారి పొడుగునా కనపడిన బోర్డునల్లా పైకి చదివాడు. మందుల కొట్టు, టైర్ల కొట్టు, "ఇక్కడ వాహనములు నిలుపరాదు". ఒక్కదాన్నీ వదల్లేదు. నేను వద్దనలేదు. కళ్ళు తుడుచుకుందామంటే రెండు చేతులూ స్టీరింగు మీదే ఉన్నాయి.

ఎప్పటికీ మామూలు మనిషే అయిన,
మీ అక్క

తా.క. కారు ఇంటి ముందు ఆపగానే ఎదురింటి ఆవిడ ఎంతకి కొన్నారని అడిగింది. నేను నోరు తెరిచేలోపు మీ బావ పాతికవేలు ఎక్కువ చెప్పాడు. ఇంట్లోకి రాగానే "అంత అబద్ధమెందుకు?" అని నిలదీశాను. "అసలు ధర చెబితే రేపే వెళ్ళి వాళ్ళూ కొంటారు. మన వీధిలో బండి పెట్టుకునే చోటు ఒక్కటే ఉంది" అన్నాడు. కళ్ళు బాగుపడ్డాయి తమ్ముడూ, చాలా దూరం చూస్తున్నాడు.