నలభై ఒకటో కాగితం

అమ్మకి నమస్కరించి నీ కూతురు రాస్తున్నది.

ఇక్కడ మేం ముగ్గురం బాగున్నాం. మీ అల్లుడి దగ్గు తగ్గింది, నీ మనవరాలి అల్లరి తగ్గలేదు. అక్కడ నువ్వూ, నీ కుట్టుమిషన్లు రెండూ, కాజాలు కుట్టే పిన్నీ కులాసాగా ఉన్నారని తలుస్తాను. కవరు లావుగా ఉందని కంగారు పడకు. విషయం అంత లేదు, అక్షరాలే పెద్దవి. ఒక్కొక్కటీ కోటు గుండీ అంత వేశాను. మొత్తం నలభై ఒక్క కాగితాలు. చేతిలోంచి జారి కలిసిపోతే సర్దుకోవడానికి ప్రతి కాగితం పైనా అంకె వేశాను. ఇంత పెద్దగా ఎందుకే అంటావేమో, చెబుతాను. కాకపోతే నాకు తోచిన వరసలో చెప్పనీ.

ముందు నీ ప్రశ్నలకు జవాబులు. చంక వంపు గీసే చెక్క స్కేలు కనబడక ఇల్లంతా గాలించానని, బీరువా కింద చీపురు పెట్టి లాగితే దుమ్ము తప్ప ఏమీ రాలేదని రాశావు. అది నా దగ్గరుంది. పోయినసారి వచ్చినప్పుడు నా బట్టల మధ్య దాచి తెచ్చేశాను. అడిగితే ఇవ్వవని తెలుసు. పాపం పిన్నిని కూడా అనుమానించావట. ఆవిడకి నా తరఫున క్షమాపణ చెప్పు.

నేను అక్షరాలు గీస్తున్నానని మీ అల్లుడు ఫోనులో చెప్పాక, "ఈ వయసులో అక్షరాలు దిద్దుకోవడమేమిటే, బళ్ళో సరిగ్గా దిద్దలేదా?" అని అడిగావు. చెబుతాను విను. నేను పొద్దస్తమానం లాబ్‌లో కూర్చుని జనం రక్తపరీక్షల రిపోర్టులు టైపు చేస్తాను కదా. ఒకరోజు కంప్యూటరు నెమ్మదించి, తెర మీద ఒక్క 'అ' మాత్రం ఇంత పెద్దగా నిలిచిపోయింది. దాన్నే చూస్తూ కూర్చున్నాను. ఇక్కడ ఇంతే వంగాలని ఎవరు చెప్పారు? ఈ సున్నా ఇంతకంటే లావైతే ఏమవుతుంది? ఎవరో ఒక మనిషి కుర్చీ వేసుకుని కూర్చుని ప్రతి అక్షరాన్నీ గీసి ఉండాలి కదా! ఇన్నేళ్ళూ వాటిని వాడుతూ ఆ మనిషి ఉంటాడన్న ఆలోచనే రాలేదు నాకు. ఆ రోజు నుంచీ బోర్డులు చదవడం మానేసి చూడడం మొదలుపెట్టాను. రెండుసార్లు బస్సు తప్పిపోయింది.

అలా చూస్తుండగానే మా వీధి చివర కళ్ళద్దాల దుకాణం బోర్డు కంటబడింది. గుండ్రటి అక్షరాలు, ఒక్కటీ ఎక్కడా చూసినట్టు లేదు. లోపలికెళ్ళి ఎవరు రాశారని అడిగాను. అద్దాలు అరగదీస్తున్న పెద్దాయన తలెత్తి, "నేనే. బాలేదా?" అన్నాడు. "బాగుంది. కానీ 'ళ' పడిపోయేట్టుంది" అన్నాను. ఆయన బయటికొచ్చి, రోడ్డు దాటి అవతల నిలబడి చూసుకుని, "నిజమే సుమా" అన్నాడు. అదీ మా పరిచయం. ఆయన స్నేహితురాలు ఒకావిడ పిల్లలకి ఈత నేర్పుతుంది. ముగ్గురం ప్రతి ఆదివారం పొద్దున్న ఆ దుకాణం మేడమీద గదిలో కలిసి కొత్త కొత్త అక్షరాలు గీస్తాం. ముగ్గురిలో ఎవరికీ ఈ విద్య ఎవరూ నేర్పలేదు. ఉన్నవల్లా ఒక పాత కంప్యూటరు, ఒక ప్రింటరు, బోలెడంత కుతూహలం.

మాకొక నియమం ఉంది. ఎవరు గీసినా కాగితం మీద అచ్చువేసి గోడకి అంటించాలి. కింద అద్దాల కోసం వచ్చినవాళ్ళలో ఒకరిని పైకి పిలిచి చదవమనాలి. వాళ్ళు చదువుతున్నంతసేపూ గీసినవాళ్ళు నోరు విప్పకూడదు. "అది 'క' అండీ" అని అందివ్వకూడదు, దగ్గకూడదు, మొహం కూడా తిప్పుకోవాలి. నా సంగతి నీకు తెలుసుగా, ఆ రెండు నిమిషాలూ నాకు ప్రాణం పోయినంత పనవుతుంది. ఈత మేడం అక్షరాలన్నీ అలల్లా గీసింది. ఒకాయన అటు నుంచి ఇటు, ఇటు నుంచి అటు చూసి, "డ్రైనేజీ పైపుల ప్లానా అండీ?" అన్నాడు. ఆవిడ నియమం ప్రకారం నోరు మూసుకునే ఉంది గానీ చెవులు ఎర్రబడ్డాయి.

నా అక్షరాలన్నీ నీ స్కేలులోంచే పుట్టాయి. ఆ వంపుకి ఒక గుణముంది చూడు. మొదట మెల్లగా వంగుతుంది, చివరికొచ్చేసరికి గబుక్కున తిరుగుతుంది. చిన్నప్పుడు నీ పక్కన కూర్చుని సుద్దముక్కతో దాని చుట్టూ గీస్తుంటే, అన్ని చొక్కాలకీ ఇదొక్క చెక్కముక్కే ఎలా సరిపోతుందా అని ఆశ్చర్యపోయేదాన్ని. ఇప్పుడూ అదే పందెం వేసుకున్నాను. ఒక్క నిలువు గీత గానీ, ఒక్క కోణం గానీ లేకుండా మొత్తం అక్షరాలు ఈ ఒక్క వంపుతోనే రావాలి. తలకట్టు కూడా అందులోంచే రావాలి. స్కేలుని తిప్పి, బోర్లించి, సగమే వాడి చూస్తే ఎన్ని వచ్చాయో తెలుసా! 'మ' వచ్చిన రోజు వంటింట్లోకి పరిగెత్తి మీ అల్లుడికి చూపించాను. "బాగుంది, అన్నం మాడుతోంది" అన్నాడు.

వాటిని ముందు ఎవరికి చూపించాలి? నీకే కదా. అందుకే నాలుగు నెలల నుంచీ నీకు ఉత్తరాలు చేత్తో రాయడం మానేసి నా అక్షరాల్లో అచ్చువేసి పంపుతున్నాను. ఫోనులో నీకు వచ్చినవి రెండే మాటలు, "బాగున్నాం, పెట్టేయనా?" అని. ఉత్తరంలోనే కదా మనం మాట్లాడుకునేది. మూడో ఉత్తరానికి నువ్వు రాసిన జవాబు నాకు కంఠతా వచ్చు. "నీ అక్షరాలు ముత్యాల్లా ఉన్నాయి. రెండో పేజీ రెండుసార్లు చదివాను. చిన్నదాని చేష్టలకి పొట్ట చెక్కలయ్యేలా నవ్వాను" అని రాశావు. ఎంత పొంగిపోయానో! జవాబు మడిచి పర్సులో పెట్టుకుని తిరిగాను.

ఇక అసలు సంగతి చెప్పాలి. ఇరవై కాగితాల నుంచీ వాయిదా వేస్తున్నాను.

ఆ ఉత్తరమే రెండు కాపీలు తీశాను, ఒకటి నీకు, ఒకటి మా గోడకి. నీ జవాబు వచ్చాక ఆదివారం నాడు గోడకి అంటించబోయి చూద్దును కదా, మొదటి పేజీ బాగానే ఉంది, రెండో పేజీ నిండా ఖాళీ పెట్టెలు! ఆ పేజీ ఒక్కటీ సగం గీసి వదిలేసిన కొత్త ఫైలుతో అచ్చువేశానన్నమాట. గీయని అక్షరం వచ్చినచోటల్లా కంప్యూటరు ఒక చదరపు పెట్టె వేస్తుంది. పైనుంచి కింద దాకా పెట్టెలే. అక్కడక్కడా ఒక 'ర', ఒక 'న' బిక్కుబిక్కుమంటూ ఉన్నాయి. బస్సు వేళయిందని చూసుకోకుండా కవర్లో పెట్టి పంపేశాను.

నిన్ను తలుచుకుని పకపకా నవ్వానమ్మా. పర్సులోంచి నీ జవాబు తీసి వాళ్ళకి చదివి వినిపించాను. "చూశారా, మా అమ్మ ఈ పెట్టెల్ని రెండుసార్లు చదివిందట! కూతురి మీద ప్రేమంటే ఇదీ!" అన్నాను. ఈత మేడం కళ్ళనీళ్ళు వచ్చేదాకా నవ్వింది. కళ్ళద్దాలాయన మాత్రం నవ్వలేదు. నీ జవాబు ఇలా ఇవ్వమని తీసుకుని కిటికీ దగ్గరికి పట్టుకెళ్ళి, చాలాసేపు చూశాడు.

"అమ్మగారు గీతల కాగితం మీద రాశారు కదమ్మా. గీతల మీద ఒక్క లైనూ లేదే. ఇదిగో, ఇక్కడ రెండు లైన్లు ఒకదాని మీదొకటి ఎక్కాయి."

"తొందరలో రాసి ఉంటుందండీ."

"ఆవిడ చూపు ఎలా ఉంది?" అన్నాడు.

నా నవ్వు అక్కడే ఆగిపోయింది. మెట్లు దిగి వచ్చేస్తుంటే ఒక్కొక్కటే గుర్తురావడం మొదలైంది. చిన్నది ముందుపళ్ళు రెండూ ఊడి నోరంతా తెరిచి నవ్వుతున్న ఫోటో పంపితే, నువ్వు బూట్ల తాళ్ళు ఎంత చక్కగా కట్టుకుందో అని రాశావు. పళ్ళ మాటే లేదు. "కాజాలన్నీ పిన్నికే ఇచ్చేశాను, వేళ్ళు నొప్పులు" అని రాశావు. నీ వేళ్ళకి నొప్పేమిటి? పోయినసారి సూదిలో దారం చిన్నదాని చేత ఎక్కించుకుంటుంటే ముద్దు చేస్తున్నావనుకున్నాను.

అప్పుడే నేను బయలుదేరి రావాల్సింది. రాలేదు. అమ్మ నాకెందుకు అబద్ధం చెబుతుంది, నేనే ఏదో ఊహించుకుంటున్నానని అనుకోవాలనిపించింది. అందుకని ఒక పాడుపని చేశాను. నాలుగో ఉత్తరం మధ్యలో, లాబ్ కబుర్ల నడుమ, "ఈ లైను చదివితే జవాబుతో పాటు ఒక నీలం గుండీ పంపు" అని రాశాను. కన్నతల్లికి వల వేశాను. నీ జవాబు వచ్చిన రోజు కవరు విదిలించి చూశాను, బోర్లించి కొట్టి చూశాను. గుండీ లేదు. "అంతా చదివాను, చాలా బాగుంది" అని మాత్రం ఉంది. మంచం మీద కూర్చుని ఏడ్చాను. నీ మీద కోపం కూడా వచ్చింది. నా మీద వచ్చినంత రాలేదనుకో.

అక్షరం చూడడమంటే ఏమిటో నాకు తెలుసని విర్రవీగానమ్మా. నాలుగు నెలలు నీ చేత చదివించి, నువ్వు చూడగలుగుతున్నావో లేదో చూడలేదు.

కళ్ళద్దాలాయనని కూర్చోబెట్టి అన్నీ అడిగాను. నీ విషయం చూడకుండా తానేమీ చెప్పలేనన్నాడు. "నడుస్తున్నారు, మిషను కుడుతున్నారు, బూట్లు కనబడ్డాయి, మొహం కనబడలేదు. బహుశా మధ్యలోనే మసక. ఇలాంటివాటిలో కొన్ని తొందరగా చూపిస్తే అక్కడితో ఆగుతాయి. ఆలస్యం చేస్తే పోయింది తిరిగి రాదు" అన్నాడు. నిన్ను భయపెట్టడానికి రాయడం లేదు. నేను భయపడ్డాను కాబట్టి రాస్తున్నాను.

ఆ తర్వాత మూడు వారాలు కూర్చుని నా అక్షరాలన్నీ విప్పేశాను. ఎందుకు చదవలేకపోతారా అని వాటిని కొత్తగా చూశాను. 'ప' లోపల చిన్న మెలిక పడితే 'ష', కింద చిన్న గీత పడితే 'ఫ'. తేడా అంతా ఆ చిన్న ముక్కలోనే ఉంది, నేనేమో సొగసు కోసం దాన్ని వంపులో కలిపేశాను. ఇప్పుడా ముక్కల్నే పెద్దవి చేశాను. లోపలి ఖాళీ కనబడేలా అక్షరాల పొట్టలు తెరిచాను. మందం పెంచాను. వంపు మాత్రం నీ స్కేలుదే. కళ్ళద్దాలాయన మధ్యలో మసకగా మచ్చ పెట్టిన అద్దం ఒకటి చేసి ఇచ్చాడు. అది పెట్టుకుని నేనే చదివి చూసుకున్నాను. మొదటి రోజు నా పేరే నాకు దొరకలేదు. నీకు రోజూ ఇలాగే ఉంటుందా అమ్మా? ఎవరికీ చెప్పకుండా ఎన్నాళ్ళ నుంచి?

నువ్వెందుకు దాచావో నాకు తెలుసు. నాన్న పోయాక ఆ కుట్టు దుకాణాన్ని నువ్వొక్కదానివే నిలబెట్టావు. కళ్ళ సంగతి తెలిస్తే మిషన్లు అమ్మేసి నా దగ్గరికి వచ్చెయ్యమంటానని నీ భయం. అననమ్మా, ఒట్టు. కత్తెర నీ చేతిలో ఉన్నంతకాలం నీ దుకాణం నీదే. డాక్టరు దగ్గరికి మాత్రం రావాలి. శనివారం పది గంటలకి చూపించడానికి మీ ఊళ్ళోనే టైం తీసుకున్నాను. శుక్రవారం సాయంత్రానికి నేను వస్తున్నాను. రానని మొండికేస్తే నీ స్కేలు నీకు దక్కదు, ఆలోచించుకో.

ఇది నలభయ్యో కాగితం. ఇక్కడిదాకా వచ్చావంటే అక్షరాలు పనిచేసినట్టే. నలభై ఒకటోది మాత్రం మామూలు సైజులో, పాత అక్షరాల్లో ఉంది. రెండే ముక్కలు. అది చదవలేకపోతే చదవలేకపోయానని చెప్పు. ఈసారి "అంతా చదివాను" అనకు. నువ్వు చెప్పేదాకా, మా నియమం ప్రకారం, నేను నోరు విప్పను.

ఇట్లు,
నీ స్కేలు దొంగ,
నీ కూతురు.

౪౧

ఇది నీకు కనబడితే నేను పొరపాటు పడ్డానన్నమాట. అమ్మా, శుక్రవారం గుమ్మంలోనే నన్ను నోరారా తిట్టు, ఆ తిట్లు తినాలని ఎంత ఆశగా ఉందో నీకు తెలియదు.