పళ్ళ డాక్టరు పట్టిన ట్యూనా

మార్చి 21

మనవరాలు ఈ డైరీలో రెండు పేజీలు రాసి పారేసింది. మిగతావి నాకు. నేను చదివింది నాలుగో క్లాసు. తప్పులుంటే ఉంటాయి, చూసేదెవడు.

ఇవాళ సరదాకి చేపలు పట్టడానికి డబ్బులిచ్చి నలుగురు మా పడవ ఎక్కారు. సముద్రం పళ్ళెంలో నీళ్ళలా ఉంది. అయినా ముగ్గురికి వాంతులు. నాలుగోవాడు ఎర ముట్టుకోడానికి గ్లౌజులడిగాడు. చచ్చిన చేపకి నీ రోగాలేం అంటుకోవులే బాబూ అన్నాను. మా అమ్మాయి కళ్ళురిమి చూసింది. పడవ దానిది, కెప్టెనూ అదే. ఎర గుచ్చడం, నోరు మూసుకోవడం నా డ్యూటీలు. మొదటిది బాగా చేస్తాను.

మార్చి 27

రెండో తారీకున పోటీ. అన్నిటికన్నా పెద్ద ట్యూనా తెచ్చిన పడవకి రేవులో మొదటి వరసలో చోటు. మాది ఐసు ఫ్యాక్టరీ వెనకాల. కుక్కలకి తప్ప ఎవరికీ కనపడదు. ఆడమనిషి పడవకి అదే ఎక్కువట, పక్క పడవ మీసాల కెప్టెన్ అంటున్నాడు. వాడు మీసం తడుస్తుందని లోతు సముద్రం జోలికే పోడు.

ఈ సీజనూ ఇలాగే పోతే పడవ అమ్మేస్తానంది అమ్మాయి. గిన్నెలు కడుగుతూ అంది.

ఏప్రిల్ 1

పోటీకి మాకు తగిలిన కస్టమరు పళ్ళ డాక్టరు. గేలం రాడ్డుకి దారం చుట్టే రీలు బంగారంలా మెరుస్తోంది. చేతులు వెన్నముద్దలు. టోపీకి నాలుగు గేలాలు గుచ్చుకున్నాడు, చేపలు ఎగిరొచ్చి నెత్తిన పడతాయని కాబోలు.

ఏప్రిల్ 2, మధ్యాహ్నం రెండు

అరవై రెండు కిలోలు!! ఇంకెవడిదీ నలభై దాటలేదు.

సాయంత్రం

పదకొండింటికి తగిలింది. డాక్టరు ముప్పావుగంట లాగాడు. అమ్మా అన్నాడు, దేవుడా అన్నాడు, చివరికి తాతా అన్నాడు. అప్పుడే ఇంజిన్ దగ్గి ఆగింది. అమ్మాయి మూత ఎత్తి కిందికి దిగింది.

నేను చూళ్ళేకపోయాను. మత్తిచ్చి పీకడానికి ఇదేమన్నా పన్నా బాబూ అని రాడ్డు లాక్కున్నాను. ఇలా వదలాలి, ఇలా చుట్టాలి అని పదిహేను చుట్లు చుట్టి వాడి చేతిలో పెట్టాను. నలభై ఏళ్ళు వలలు లాగినవాణ్ణి. వల మీద పదిమంది చేతులు పడతాయి. ఎవడి చెయ్యని ఎవడడుగుతాడు?

వీళ్ళడుగుతారట. గట్టు మీద జడ్జీ కాగితమిచ్చాడు. పట్టినవాడిది తప్ప ఇంకో చెయ్యి రాడ్డుకి తగల్లేదని పడవలో పనివాడు సంతకం పెట్టాలి. తగిలితే చేప చెల్లదు. చేపకి ఇదేం మడిరా నాయనా!

డాక్టరు కన్ను కొట్టాడు. ఎవరు చూశారు తాతా అన్నాడు. ఛీ. ఆ వెన్నముద్దా నేనూ ఒక జట్టు.

అమ్మాయి మొదటి వరసలో అడుగులేసి చోటు కొలుచుకుంటోంది.

ఏప్రిల్ 3

సంతకంలో మొదటి అక్షరం రాసి ఆపాను. ఆ డాక్టరు రెండు గ్లాసులు పడితే ఊరంతా వాగుతాడు. అప్పుడు నా కూతురు దొంగ కెప్టెన్ అవుతుంది.

అమ్మాయికి చెప్పేశాను. ఎన్ని చుట్లు అనడిగింది. పదిహేను అన్నాను. నాన్నా, ఆ చేతి దురద చచ్చినా పోదా నీకు అంది. కాగితం మీద అడ్డంగా గీత కొట్టి జడ్జీకి తనే ఇచ్చొచ్చింది.

మొదటి వరస మీసాలవాడికి. పనికిమాలినవాళ్ళ పోటీ పెడితే మాత్రం నాకు ఎదురు లేదు.

ఏప్రిల్ 5

 పడవ అమ్మబడును అని అమ్మాయి బోర్డు రాసింది. అక్షరాలు గుండ్రంగా ఉన్నాయి.

ఏప్రిల్ 9

ఆఖరి ట్రిప్పు నీకే అంది. కస్టమరు కుర్చీలో నన్ను కూర్చోబెట్టింది. ఎర తనే గుచ్చింది.

తగిలింది. అరగంట లాగాను. మోచేతులు పడిపోయాయి. అమ్మా అన్నాను.

కాస్త పట్టుకోవే తల్లీ అన్నాను.

రెండు చేతులూ వెనక్కి కట్టుకుని నిలబడింది.