‘నేను కాదండీ’ అనను

డిసెంబరు 9, మంగళవారం

పోలీసు స్టేషన్ నుంచి ఇప్పుడే వచ్చాను. ఒంటి మీద దెబ్బ లేదు. టీ ఇచ్చారు. పంచదార లేదు.

జరిగింది జరిగినట్టు రాసి పెట్టుకోవాలి. రేపటికి ఊళ్ళో ఇది ఎన్ని వేషాలు మారుస్తుందో!

రెండో పంట దాళ్వాకి కాలువ నీళ్ళు వంతుల మీద వదులుతున్నారు. మా తూము వంతు గురువారం. ఆదివారమే ఎవడో తూము తలుపు ఎత్తేశాడు. సోమవారం చూసేసరికి ప్రెసిడెంటు సత్యనారాయణ గారి నారుమడి చెరువైంది. పక్కనున్న చిన్న రైతుల మళ్ళూ అంతే. మొన్న చల్లిన మొలక విత్తనం అంతా కొట్టుకొచ్చి గట్టు మూల కుప్ప పడింది. కాలువ చివరున్న శివారు ఊరికి చుక్క నీరు చేరలేదు.

తలుపు ఎత్తే ఇనుప హ్యాండిలు నా ఇంజన్ల రిపేరు షెడ్డులో మేకుకి వేలాడుతుంది. నీళ్ళు వదిలే కాలువ లస్కరు వీర్రాజు అంత బరువు రోజూ ఇంటికి మోయలేక అక్కడ పెట్టుకున్నాడు. ఈ సంగతి ఊరందరికీ తెలుసు. నా షెడ్డుకి తలుపు లేదు, అదీ తెలుసు. అయినా ఊరికి గుర్తొచ్చింది ఇద్దరే. వీర్రాజు, నేను. ఇద్దరిలోనూ ముందు నేనే. ఇలాంటి పని ఇంజన్ల సూరిబాబు చెయ్యకపోతే ఎవడు చేస్తాడు?

ఎస్సై — "సరదాకి చేశావా? చెప్పెయ్."

గోడ మీద క్యాలెండరు చూస్తూ కూర్చున్నాను. లక్ష్మీదేవి. ఎవరో మీసం గీశారు. అదీ నేను కాదు.

"చెయ్యకపోతే చెయ్యలేదని చెప్పడానికి ఏం రోగం?"

క్యాలెండరే చూశాను.


డిసెంబరు 10

నేను చెయ్యలేదు.

ఇక్కడ రాశాను. ఒక్కసారి చాలు. బయట మాత్రం అనను.

ఎందుకు అనవంటే... రైసు మిల్లు కూత గంట ముందే కూయించి ఊరంతటినీ ఆకలి లేకుండా భోజనాలకి కూర్చోబెట్టిన రోజున ఏమన్నాను? "నేను కాదండీ." గేదెల బేరగాడికి ప్రెసిడెంటు బావమరిది చెవిటివాడని, బావమరిదికి బేరగాడు చెవిటివాడని చెప్పి, ఇద్దరూ సంత మధ్యలో గొంతులు చించుకుంటుంటే పక్కన నిలబడి ఏమన్నాను? "నేను కాదండీ." పాతికేళ్ళుగా అదే మాట, అదే మొహం. జనం నవ్వేవారు. ఆ మాట ఇప్పుడు అంటే వీడు తలుపెత్తి మళ్ళీ ఆట మొదలెట్టాడంటారు. అరిగిపోయిన వాషరు ఎంత బిగించినా ఆయిలు కారుతూనే ఉంటుంది. నాకది తెలుసు.

అడుక్కుని నమ్మించుకోవడం నా వల్ల కాదు.


డిసెంబరు 11

కుళాయి దగ్గర మంగని అడిగారట — "మీ ఆయన ఏమంటున్నాడమ్మా?" ఏమీ అనట్లేదందట. "ఓహో" అన్నారట.

బిందె దించుతూ నా మీద విరుచుకుపడింది. "ఆ ఓహో ఎలా ఉందో మీరు వినలేదు."


డిసెంబరు 12, శుక్రవారం

నిడదవోలు వెళ్ళాను. వకీలు గారి బోరు మోటారు మొరాయించింది. వైండింగు విప్పుతూ అడిగాను.

ఆయన — "నీకు వ్యతిరేకంగా నువ్వే సాక్ష్యం చెప్పాలని ఎవరూ బలవంతం చెయ్యకూడదయ్యా. రాజ్యాంగంలోనే ఉంది."

"అయితే నోరు మూసుకోవడం నాకు హక్కా అండీ?"

"హక్కే."

"మూసుకుంటే నేనే చేసినట్టు లెక్కా?"

"కోర్టులో అలా లెక్క వెయ్యకూడదు."

"మా ఊళ్ళోనో?"

ఆయన కళ్ళజోడు తుడుచుకున్నారు. "మీ ఊళ్ళో నాకు ప్రాక్టీసు లేదు సూరిబాబూ."

మోటారు తిరిగింది. నా బుర్ర కూడా తిరిగింది. బస్సులో వస్తుంటే ఛాతీ కాస్త పొంగింది, దాచుకోను. ఇన్నాళ్ళూ మొండితనం అనుకున్నది హక్కట!


డిసెంబరు 13

మళ్ళీ స్టేషన్. హక్కు సంగతి ఎస్సైకి చెప్పాను.

"ఏడో క్లాసు చదివి నాకు రాజ్యాంగం చెబుతున్నావా?"

"ఎనిమిదండీ. తప్పాను."

రైటరు కిసుక్కున నవ్వి ఫైలులో మొహం పెట్టుకున్నాడు. ఎస్సైకి మండింది. "తప్పు చెయ్యనివాడు గట్టిగా అరిచి చెబుతాడు, తెలుసా?"

"తప్పు చేసినప్పుడల్లా గట్టిగా అరిచింది నేనేనండీ. ఊళ్ళో ఎవరినైనా అడగండి."

బయట అరుగు మీద కూర్చోబెట్టారు, పొద్దు వాలేదాకా. వచ్చేపోయేవాళ్ళు చూడాలని. చూశారు. నేనూ వాళ్ళని చూశాను.


డిసెంబరు 14, ఆదివారం

ప్రెసిడెంటు గారి అరుగు మీద పంచాయితీ. నన్నూ వీర్రాజునీ నిలబెట్టారు. ఆయన స్వరం మెత్తగా ఉంది. అలా ఉంటేనే నాకు భయం.

"కేసులెందుకురా, మనలో మనకి? వచ్చే ఆదివారం పట్టిసీమ వెళ్దాం. వీరభద్రస్వామి ముందు కర్పూరం వెలిగిస్తారు. నాకే పాపం తెలీదని చేత్తో ఆర్పెయ్యండి. ముందు సూరిబాబు. ఆ తర్వాత వీర్రాజు. ఆర్పినోడి జోలికి ఈ ఊళ్ళో ఎవడూ రాడు, నాదీ పూచీ. ఆర్పనోడి సంగతి ఎస్సై గారు చూసుకుంటారు."

అందరూ తలూపారు. విత్తనం పోయిన చిన్న రైతులు కూడా. వాళ్ళ మీద నాకు కోపం లేదు. మళ్ళీ విత్తనం ఎక్కడ దొరుకుతుందా అని వాళ్ళ గొడవ.

నేను ఎదురు చెప్పలేదు. నిజం రాయాలంటే, లోపల కాస్త హాయిగా అనిపించింది. నా నోటిని నమ్మనివాళ్ళు నా చేతిని నమ్ముతారట. ఆర్పేస్తే పోలా! అబద్ధం కాదు కదా.

వీర్రాజు నేల చూపులు చూస్తున్నాడు.


డిసెంబరు 15

మంగ కొబ్బరి లౌజు చేసింది. ఏ పండగా లేదు. "ఆర్పేసి వచ్చెయ్యండి. నిజమే కదా, స్వామికి మాత్రం తెలీదా?" అంది. వారం తర్వాత నవ్వింది.


డిసెంబరు 16, మంగళవారం

వీర్రాజు షెడ్డుకి వచ్చాడు. హ్యాండిలు ఉండే మేకు వైపు చూసి, అటు తిరిగి కూర్చున్నాడు. హ్యాండిలు ఇప్పుడు స్టేషన్లో ఉంది.

"అన్నయ్యా, నేను ఆర్పలేను."

పిస్టను రింగు తుడుస్తున్నాను.

"పెద్దపిల్ల సంగతి నీకు తెలుసుగా."

తెలుసు. అప్పట్లో పొలం గట్టు తగాదాలో వీడు ఇదే స్వామి ముందు కర్పూరం ఆర్పాడు. గట్టు వీడిదే. సర్వేయరు కూడా తర్వాత అదే తేల్చాడు. కాని ఆ నెలలోనే పిల్ల జ్వరంతో చనిపోయింది. సర్వేయరు మాట ఎవడికీ పట్టలేదు. దొంగ ప్రమాణం చేశాడు, పిల్ల పోయింది అన్నారు. శవం లేవకముందే అన్నారు. పాడె దగ్గర నేనున్నాను, నా చెవులతో విన్నాను. ఆనాటి నుంచి వీడి ఇంట్లో హారతి కూడా వాడి పెళ్ళామే ఇస్తుంది. వీడు గుమ్మం బయట నిలబడతాడు.

"ఇంకో పిల్ల ఉంది అన్నయ్యా నాకు."

తలుపెత్తింది నువ్వేనా అని అడగలేదు. నాలుక చివరిదాకా వచ్చింది. మింగేశాను. అది అడిగితే ఆ అరుగు మీద కూర్చున్నవాళ్ళకీ నాకూ తేడా ఏముంది?

వాడు వెళ్ళాక చాలాసేపు పని సాగలేదు. నేను ముందు ఆర్పి చేతులు దులుపుకుంటాను. తర్వాత వీడు. వీడు ఆర్పడు. ఇంకేముంది, దొంగ దొరికాడు! వీడిది ఇంకా పర్మనెంటు కాని ఉద్యోగం. జైలు దాకా పోనక్కర్లేదు, ఒక్క రిపోర్టు చాలు.

అంటే, నా నిజం తీసుకెళ్ళి వీడి మెడకి కట్టాలన్నమాట. బాగుందండీ మీ కర్పూరం.


డిసెంబరు 17

ఆర్పను.


డిసెంబరు 18

మంగకి చెప్పాను. చేతిలో గరిటె అలాగే ఆగిపోయింది.

"వాడే చేసుంటే?"

"చేసుండొచ్చు."

"చేసినోడి కోసం చెయ్యని మీరు ఊరుకుంటారా?"

"చెయ్యకపోయి ఉండొచ్చు కూడా."

"అడగొచ్చుగా!"

"అడిగితే ఏదో ఒకటి చెబుతాడు. దాన్ని నేను నమ్మాలి, లేకపోతే నమ్మకూడదు. రెండూ నాకొద్దు."

"మీకు మొదట్నుంచీ వెటకారమే. ఇంట్లో కూడా వెటకారమే. నాతో కూడా ఒక్కసారి అన్నారా, నేను చెయ్యలేదే మంగా అని?"

"నువ్వూ అనుమానపడ్డావా?"

"నేను అనుమానపడలేదండీ. విందామనుకున్నాను, అంతే."

కూర మాడింది. ఇద్దరం తిన్నాం. ఆమెతో మాత్రం అని ఉండాల్సింది... ఇప్పుడంటే కూర మాడినందుకు అన్నట్టు ఉంటుంది.


డిసెంబరు 19

షెడ్డు ఖాళీ. రెండు ఇంజన్లు రిపేరు మధ్యలోనే విప్పినవి విప్పినట్టు ట్రాక్టరు మీద నిడదవోలు తీసుకెళ్ళిపోయారు. ఒకాయన నట్లు కూడా ఏరుకున్నాడు. "ఏమనుకోకు సూరిబాబూ, తేలేదాకా..." అన్నాడు. ఒక బోల్టు నా కాలి కింద ఉంది. ఇవ్వలేదు. ఇంజను తిరిగేటప్పుడు తెలుస్తుంది.


డిసెంబరు 21, ఆదివారం

పట్టిసీమ వెళ్ళొచ్చాం.

రేవులో మంచు విడలేదు. ఒకే పడవలో అందరం. ప్రెసిడెంటు గారు మఫ్లరు చుట్టుకుని ముందు కూర్చున్నారు. నేనూ వీర్రాజూ చెరో చివర. ఇసుక మీద నడిచి మెట్లెక్కాం. మంగ రాలేదు. గుమ్మంలో బొట్టు పెట్టింది.

పూజారి గారు పళ్ళెంలో కర్పూరం వెలిగించి రాతి మీద పెట్టారు.

"రా సూరిబాబూ" అన్నారు ప్రెసిడెంటు గారు.

వెళ్ళాను. పళ్ళెం ముందు నిలబడి చేతులు రెండూ వెనక్కి కట్టుకున్నాను.

"ఆర్పు."

"ఆర్పనండీ."

"అయితే నువ్వేనన్నమాట!"

"నేనని అన్లేదండీ. కాదనీ అన్లేదు. ఆర్పనన్నాను."

"చెయ్యనోడికి ఆర్పడానికి నొప్పేంటి?"

"మీ పెరట్లో మా కోడి పోయిందనుకోండి. రేపు వచ్చి మీచేత కర్పూరం ఆర్పించమంటారా? ఆర్పకపోతే కోడిని మీరు తిన్నట్టేనా?"

వెనకాల ఎవరో నవ్వారు. ప్రెసిడెంటు గారి మొహం కందగడ్డ అయింది. "చూశారా! స్వామి ముందు కూడా వెకిలితనమే! ఇంకేం కావాలి మీకు?" చూశామన్నట్టు అందరూ గొణిగారు. అయిపోయింది, నాకు తెలుస్తూనే ఉంది. ఆ గొణుగుడు వీపు మీద బరువుగా పడింది. పడనీ అనుకున్నాను. ఇద్దరం ఆర్పకపోతే ఎవడు దొంగో ఎలా తేలుస్తారో తేల్చుకోనీ.

అప్పుడు వీర్రాజు కదిలాడు. ఎవరూ పిలవలేదు. నా పక్కకి వచ్చాడు. పెదవులు తెల్లగా ఉన్నాయి. కుడి చెయ్యి చాచాడు. ఆ చెయ్యి మెల్లగా మంట దగ్గరకి వెళుతోంది.

నన్ను ఒంటరిని చెయ్యలేక వచ్చాడా, భయపడి వచ్చాడా, నాకు తెలీదు. వాడి రెండో పిల్ల మాత్రం కళ్ళ ముందు కనబడింది.

వంగి ఉఫ్ అని ఊదేశాను.

పొగ. ముందు పూజారి గారికే గొంతు వచ్చింది. "నోటితో ఊదుతావా! అపచారం! అపచారం!" మళ్ళీ వెలిగించమని ప్రెసిడెంటు గారు. శుద్ధి చెయ్యకుండా కుదరదని పూజారి గారు, సాయంత్రం దాకా ఏదీ కాదని. ఇద్దరూ వాదులాడుకుంటుంటే నేను గర్భగుడి వైపు తిరిగి దణ్ణం పెట్టాను. స్వామీ, ఊదింది నీ మీద కాదు.


డిసెంబరు 22

ఊళ్ళో రెండు పార్టీలు. ఆరింది కదా, ఆర్పినట్టే అని ఒకళ్ళు. నోటితో ఆర్పితే ప్రమాణం కాదు, పైగా పాపం అని ఇంకొకళ్ళు. వీర్రాజు చెయ్యి మంట దాకా వెళ్ళింది కాబట్టి వాడికి సగం ప్రమాణం అయిందని టీ కొట్టు దగ్గర ఎవరో తేల్చారు. సగమెలా అవుతుందో!

పడవలో తిరిగొచ్చేటప్పుడు వీర్రాజు నా వైపు చూడలేదు. కోపమో, మరేదో.

ప్రెసిడెంటు గారు నేరుగా స్టేషన్‌కి వెళ్ళారట.


డిసెంబరు 23

కానిస్టేబులు వచ్చాడు. సోమవారం పొద్దున్నే రావాలట, వకీలు ఉంటే తెచ్చుకోమన్నారట. అంటే ఈసారి టీ ఉండదు.

మంగ ఉతికిన చొక్కా మడిచి పెట్టింది. చొక్కా అందుకుంటూ చెప్పాను — "నేను చెయ్యలేదే మంగా."

"తెలుసండీ" అంది. అని, వెళ్ళి పెరట్లో చాలాసేపు నిలబడింది.


డిసెంబరు 24, బుధవారం

షెడ్డులో మిగిలింది నా సొంత ఇంజను ఒక్కటే. దాన్నే విప్పి బిగించాను, ఖాళీగా కూర్చోలేక.

వీర్రాజు వచ్చాడు. ఈసారి కూర్చోలేదు. గడ్డం మాసి ఉంది. రెండు చేతులూ కట్టుకుని నా ఎదురుగా నిలబడ్డాడు.

"అన్నయ్యా, ఆ ఆదివారం..."

ఇంజను హ్యాండిలు తిప్పాను. అందుకుంది. రేకుల కప్పు అదిరింది.

వాడు ఆగలేదు. చెబుతూనే ఉన్నాడు. పెదవులు కదులుతున్నాయి, కళ్ళలో నీళ్ళు తిరుగుతున్నాయి, ఒకసారి చెయ్యి కాలువ వైపు చూపించాడు, ఒకసారి గుండె మీద వేసుకున్నాడు. నేను పొగ గొట్టం వైపు చూస్తూ నిలబడ్డాను. ఒక్క ముక్క వినపడలేదు. వినపడకుండా కాస్త రేజు కూడా చేశాను.

చెప్పడం అయిపోయింది. కండువాతో మొహం తుడుచుకున్నాడు. నేను ఏదో అంటానని చూస్తున్నాడు.

ఇంజను ఆపలేదు.