నలభై అయినా షీపే

జూన్ 23, సోమవారం

ఉదయం 6:10. ఈ రోజు నుంచి నా తరగతిలో తెలుగు బంద్!

సూర్యాపేటలో మూడు రోజుల ట్రైనింగ్ శనివారంతో ముగిసింది. భోజనాలయ్యాక అందరూ కునుకు తీశారు. నేను మాత్రం రాసుకున్నాను: "పాఠం చెప్పకండి, ప్రాజెక్ట్ చేయించండి." నా ప్రాజెక్ట్: యానిమల్స్. గడువు రెండు వారాలు. జూలై 5న పిల్లలు తల్లిదండ్రుల ముందు ఒక్కో జంతువు గురించి ఇంగ్లీషులో మాట్లాడాలి.

కొన్నవి: చార్టులు పన్నెండు, సింహం మాస్కులు నాలుగు, జిరాఫీ బొమ్మ ఒకటి (మెడ విరిగింది, అతికించాలి).

6:40. మా ఆయన సాంసన్ దామరచర్ల కరెంటు ప్లాంటుకు బయల్దేరుతుంటే "హ్యావ్ ఎ నైస్ డే" అన్నాను. "పాణం మంచిగ లేదా రాణీ?" అని నుదురు పట్టి చూశాడు.

సాయంత్రం 4:30. నేను మాట్లాడిన తెలుగు మాటలు: సున్నా!! పదకొండు మంది పిల్లలు కలిసి మాట్లాడిన ఇంగ్లీషు మాటలు: రెండు (యెస్, మేడం). రెండో తరగతి గీత అవి కూడా అనలేదు. నిరుడు చేరింది, బడిలో ఇంతవరకు నోరు విప్పలేదు.

జూన్ 24, మంగళవారం

11:20. అద్భుతం! ఒకటో తరగతి కిష్ట్యా లేచి నిలబడి, కాళ్లు దగ్గరికి పెట్టి, "మేడం, ఎలిఫెంట్ వాటర్!" అన్నాడు. సొంతంగా రెండు మాటలు కలిపాడు! "వెరీ గుడ్!" అన్నాను. అందరితో చప్పట్లు కొట్టించాను.

"మేడం, వాటర్! వాటర్!"

ఇంకోసారి చప్పట్లు.

11:23. నేల తడిసింది.

నియమానికి సవరణ: ఒంటికి, రెంటికి తెలుగు చెల్లుతుంది.

జూన్ 26, గురువారం

సింహం ఎవరికీ ఎక్కడం లేదు. ఈ ఊళ్లో ఎవరు చూశారు కనుక? బడికొచ్చే పాలకీడు దారిలో నా స్కూటీకి అడ్డం వచ్చేవి గొర్రెలు, బర్రెలే. అందుకే ప్రాజెక్ట్ పేరు మార్చాను: మన ఊరి జంతువులు. ఇంట్లో ఉన్న జంతువుకు సంబంధించినది ఏదో ఒకటి తెమ్మన్నాను.

వచ్చినవి: కోడిగుడ్డు (పగిలింది), పలుపుతాడు, గొర్రె బొచ్చు, ఒక క్యారీబ్యాగు నిండా పేడ.

"బఫెలో మేడం!" కిష్ట్యా మొహం వెలిగిపోతోంది.

హెడ్మాస్టర్ వీరేశం సార్ ముక్కు మూసుకుని వచ్చారు. "గిదేం ప్రాజెక్టు మేడం? గొడ్లకొట్టం లెక్కున్నది."

పది నిమిషాలు వివరించాను. తెలుగులోనే. కానీ గుమ్మం బయట నిలబడి చెప్పాను. గుమ్మం బయట తరగతి కాదు.

జూన్ 28, శనివారం

తెలుగు మాటలు: లెక్కపెట్టలేదు. గొంతు బాగాలేదు. గొంతు బాగాలేనప్పుడు మాతృభాషే మంచిది.

3:45. గీత వాళ్ల అమ్మ స్వరూప వచ్చింది. "జూలై ఏడు నుంచి పిల్లను ప్రైవేటు బడి వ్యాన్ ఎక్కిస్తున్న మేడం. గీడ ఏడాదాయె, ఒక్క మాట రాలె. గాడి పిల్లలు టకటక మాట్లాడుతున్రు."

"ఐదో తారీఖు దాకా ఆగమ్మా. గీత మాట్లాడుతుంది."

ఎందుకన్నానో! గీత వెళ్తే వెనకాలే ఇంకో ఇద్దరు వెళ్తారు. పిల్లలు పది మంది కన్నా తగ్గితే మన బడిని పక్క ఊరి బడిలో కలిపేస్తారని సార్ బెంగ. నా బెంగ వేరు. ఏడాది నుంచి ఆ పిల్ల నా ఎదురుగా కూర్చుంటోంది. దాని గొంతు ఎలా ఉంటుందో నాకు తెలియదు.

జూలై 2, బుధవారం

గీత తాత మల్లన్నకు గొర్రెల మంద ఉంది. "ఒక గొర్రెను బడికి తీసుకురా" అని కబురు పెట్టాను. నలభై తెచ్చాడు. "ఒక్కదాన్ని తెస్తే మిగిలినయి ఉంటయా మేడం?"

పిల్లలను వరండాలో వరసగా నిలబెట్టాను. మల్లన్నా వాళ్లతో పాటే నిలబడ్డాడు.

"గిదేంది మేడం ఇంగ్లీషుల?"

"షీప్."

"గీ రెండు?"

"షీప్."

"గీ నలభై?"

"అవీ షీపే."

"నలభై అయినా గదే మాటనా? మరి నాలుగు తప్పిపోతే ఎట్ల తెలుస్తది?"

ట్రైనింగులో ఇది చెప్పలేదు. ఈలోగా ఒక పొట్టేలు తరగతిలోకి దూరి ఏనుగు చార్టు నమలడం మొదలుపెట్టింది. నేను అరిచాను. అది సార్ గదిలోకి ఉరికింది. సార్ కుర్చీ ఎక్కారు. "ఓ మల్లన్నా! దీన్ని పట్టుకోవయ్యా! నీ పుణ్యముంటది!" అన్నది సార్ కాదు, నేనే. తెలుగులో.

అప్పుడు వెనక నుంచి "ట్రీయ్, ట్రీయ్" అని సన్నటి కూత. పొట్టేలు ఆగింది. చార్టు ముక్క నోట్లో పెట్టుకునే నడిచి వెళ్లి గీత పక్కన నిలబడింది.

"అరిస్తే బెదురుతది మేడం" అంది గీత.

గీత మాట్లాడిన మాటలు: మూడు!!

జూలై 3, గురువారం

నియమం ఖతం. పొద్దున్నే గీత పక్కన కూర్చుని, "మీ గొర్రెల గురించి చెప్పు" అన్నాను. నలభై నిమిషాలు చెప్పింది. సుక్కి అనే గొర్రెపిల్ల గురించే ఇరవై. దాని తల్లి గాలికుంటుతో చచ్చిపోయిందట. సీసాతో పాలు తాపి బతికించిందట.

"గాలికుంటును ఇంగ్లీషుల ఏమంటరు మేడం?"

నాకు రాదు! ఫోన్‌లో వెతికాను. ఫుట్ అండ్ మౌత్. ఇద్దరం కలిసి నేర్చుకున్నాం.

జూలై 5, శనివారం

తల్లిదండ్రులు తొమ్మిది మంది. మాస్కులు లేవు.

కిష్ట్యా: "బఫెలో గివ్ మిల్క్. బఫెలో గివ్ పేడ." భారీ చప్పట్లు.

గీత గొర్రెపిల్లను ఎత్తుకుని వచ్చింది. "దిస్ ఈజ్ సుక్కి. సుక్కి మదర్ డెడ్. ఫుట్ అండ్ మౌత్. ఐ గివ్ మిల్క్. నౌ సుక్కి ఫ్యాట్." ఆగింది. నా వైపు చూసింది. మాట వెతుక్కుంటోంది.

"తెలుగుల చెప్పు బిడ్డా" అన్నాను, అందరి ముందే.

"వానకు వణుకుతుంటే తాత గొంగట్ల చుట్టి నా పక్కకే పండవెట్టుకున్న. పొద్దుగాల లేశి నా చెవు నాకింది."

మల్లన్న తువ్వాలతో ముక్కు తుడుచుకున్నాడు. స్వరూప గొర్రెపిల్లను దించి గీత చెయ్యి పట్టుకుంది. వ్యాన్ మాట ఎత్తకుండానే వెళ్లిపోయింది.

జూలై 7, సోమవారం

8:20. ఊరి మూల మీద వ్యాన్ ఆగింది. నేను స్కూటీ టైరులో గాలి చూస్తున్నట్టు నటించాను. వ్యాన్ వెళ్లిపోయింది. దుమ్ము తగ్గాక స్వరూప కనిపించింది. చెయ్యి పట్టుకుని గీత.

"దసరా దాకా సూస్త మేడం. ఇంట్ల కూడ ఒక్కతీరుగ మాట్లాడుతున్నది. గని ఒక్క మాట. ఇగ తెలుగు వద్దు. మొత్తం ఇంగ్లీషులనే చెప్పాలె."

"తప్పకుండా!" అన్నాను. కళ్లలో నీళ్లు. దుమ్ము వల్లే.

8:50. కొత్త ప్రాజెక్ట్: బర్డ్స్. గడువు రెండు వారాలు. తెలుగు బంద్! ఈసారి సవరణలు ఉండవు.

9:05. "గుడ్ మార్నింగ్, చిల్డ్రన్. టుడే వీ విల్..."

"మేడం! మా ఇంటి వెనక పిచ్చుక గూడు పెట్టింది, దాంట్ల మూడు గుడ్లు, ఒకటేమో..." గీత. ఊపిరి తీసుకోవడం లేదు.

"ఇంగ్లీష్, గీతా" అనబోయి ఆగాను.

"ఆఁ... ఒకటేమో?" అన్నాను.

రేపటి నుంచి మొత్తం ఇంగ్లీషే.