గ్రాజియెల్లా గారి నిమ్మతోట

క్యారీ, అమెరికా, ఏప్రిల్ 9

పెద్దమ్మా,

ఇక్కడ అందరం బాగున్నాం, కార్డు చూసి కంగారుపడకు. ఈ సంగతి ఫ్యామిలీ గ్రూపులో పెడితే పిన్నులంతా నవ్వుతారని ఇలా రాస్తున్నాను. పోస్ట్‌మాన్ చదివినా ఫర్వాలేదు.

జూన్‌లో నేనూ తేజేశ్వరూ ఇటలీ వెళుతున్నాం. సముద్రాన్ని ఆనుకున్న కొండమీద చిన్న ఊరు. గ్రాజియెల్లా అనే పెద్దావిడ ఇంట్లో ఆరు రోజులకు గది తీసుకున్నాం. మనవాళ్ళు ఎక్కడికెళ్ళినా అడిగేదే నేనూ అడిగాను: రైస్ కుక్కరూ, పచ్చడి సీసా తెచ్చుకోవచ్చా అని. "కుక్కర్ తెచ్చుకోండి. పచ్చడి మోసుకురావడం దేనికి? మా నిమ్మతోట సముద్రం దాకా ఉంది. ఇక్కడే పెట్టండి, నేను పక్కన కూర్చుని చూస్తాను" అని ఈమెయిల్ పెట్టింది. సరేనన్నాను!

ఆ కాయలు బత్తాయంత ఉంటాయట. తోలు బాగా మందమట, తోలుతోనే కోసి పంచదార చల్లుకుని తింటారట. అలాంటివి ఆరు రోజుల్లో ఊరుతాయా? ఉప్పు ఎంత? మెంతిపిండి ఎప్పుడు కలపాలి? నువ్వు పంపిన సీసాలు ఖాళీ చేయడమే తప్ప నేనెప్పుడూ పెట్టలేదని నీకు తెలుసుగా. "ఎందుకీ రిస్క్? ఇక్కడే కొనేసి ప్యాక్ చేద్దాం" అంటున్నాడు తేజేశ్వర్. నాకేమో ఆ కాయ మన కారంలో ఏమవుతుందో చూడాలని ఉంది.

నీ కంటి ఆపరేషన్‌కి డేట్ ఇచ్చారా? పెదనాన్న వాకింగ్ మానేయలేదు కదా? ఇద్దరికీ నమస్కారాలు.

ఫోన్‌లో చెప్పినా సరే, పిన్ని పక్కన లేనప్పుడు చెప్పు. పచ్చడి ఎవరు నేర్పారని గ్రాజియెల్లా గారు మొన్న అడిగితే, మా పెద్దమ్మ అని నీ పేరుతో సహా రాసేశాను. ఇక నేర్పక తప్పదు నీకు.

నీ స్పందన