సోములు తాగేవాడు కాదని అదే మైకులో చెప్పించవలసినదిగా

నెల్లిమర్ల,
విజయనగరం జిల్లా.

జిల్లా అధికారి వారి సముఖమునకు,

అయ్యా,

విషయం: మా మహిళా బృందంలోని శ్రీమతి దాలమ్మ గారిచే కళాజాతలో కట్టించిన వేషమును దింపనీయకపోవుట – ఆమె భర్త కీ.శే. సోములు గారిని బహిరంగముగా తాగుబోతని ప్రకటించుట – దిద్దుబాటు కోరుట గురించి.

మనిషి తన బాధను పదిమంది ముందు ఆడి చూపిస్తే ఆ బాధ తగ్గుతుందా, లేక బాధే ఆట నేర్చుకుంటుందా? యూనివర్సిటీలో సైకాలజీ చదివిన రోజుల నుంచి ఈ ప్రశ్న నన్ను వదలలేదు. పాఠం చెప్పినవారిని అడిగాను, పుస్తకాల్లో వెతికాను. అర్జీలో అడగవలసిన ప్రశ్న కాదని తెలుసు. కానీ తమ కార్యాలయం వారు జవాబు చెప్పకుండానే ఒక మనిషి మీద ప్రయోగం చేసి చూపించారు గనుక, దీన్ని తమ ముందు పెట్టడమే న్యాయమనుకుంటున్నాను. ఇక క్రమసంఖ్య ప్రకారం మనవి చేసుకుంటాను.

1. నేను ఒక ప్రైవేటు కాలేజీలో సైకాలజీ చెబుతాను. నాటకం ద్వారా మనసుకు ఊరట కలిగించే పద్ధతి ఒకటుంది, డ్రామా థెరపీ అంటారు. దాన్ని విడిగా నేర్చుకున్నాను. శనివారం మధ్యాహ్నాలు మా పేట కమ్యూనిటీ హాలులో కొందరు ఆడవాళ్ళం కూర్చుంటాం. భర్త పోయినవాళ్ళు, బిడ్డ పోయినవాళ్ళు, ఏమీ పోకపోయినా నిద్ర మాత్రం పోయినవాళ్ళు. పేటలో దీనికి "మేడమ్ గారి ఏషాలు" అని పేరు. తమ కార్యాలయంలో మాత్రం హాలు అనుమతి ఫైలు మీద "డ్రామా" అన్న మాట చూసి సాంస్కృతిక కార్యక్రమాల కింద చేర్చారు. ఆపరేషన్ థియేటర్ ఉంది కదా అని ఆసుపత్రిలో సినిమా ఆడించమన్నట్టుంది.

2. మా పద్ధతి కొంత ఈ గడ్డమీదిదే. మన తూర్పు భాగోతంలో వేషం కట్టినవాణ్ణి మద్దెలగాడు ఊరికే ఆడనివ్వడు. ఆపుతాడు, ఎగతాళి చేస్తాడు, ప్రశ్న మీద ప్రశ్న వేసి లోపలిది బయటికి లాగుతాడు. మా హాల్లో మద్దెల లేదు. అసిరమ్మ అనే పెద్దావిడ స్టీలు బేసిను బోర్లించుకుని కూర్చుంటుంది. ఒకరు వేషంలోకి వెళ్తారు, అసిరమ్మ బేసిను కొట్టి అడుగుతుంది. ముఖ్యమైనదంతా చివర ఉంది. "నువ్వెవులివి?" అని అసిరమ్మ అడగాలి. వేషంలో ఉన్నావిడ తన సొంత పేరు చెప్పి, మొహం కడుక్కుని, మంచినీళ్ళు తాగాలి. దీన్ని వేషం దింపడం అంటాం. దింపకుండా ఎవరినీ గడప దాటనివ్వం. ఇది చాదస్తం కాదు. పుండు కోసిన డాక్టరు కట్టు కట్టకుండా ఇంటికి పంపడు, అంతే.

3. దాలమ్మ గారి భర్త సోములు గారు జూట్ మిల్లులో పనిచేశారు. రెండేళ్ళ క్రితం గుండెపోటుతో పోయారు. ఆయన తాగేవారు కాదు. కొట్టేవారూ కాదు. ఆయన చేసిందల్లా, ఆమె నోరు తెరిచినప్పుడల్లా "నువ్వుండవే" అనడం, మిగతా మాట తానే పూర్తి చేయడం. కాపురమంతా అలాగే గడిచింది. ఆయన పోయాక కూడా ఆమెకు మాట రాలేదు. ఎన్నో శనివారాలు గోడకు ఆనుకుని కూర్చుని లేచి వెళ్ళిపోయేది.

"ఆయన ఎదురుగా ఉన్నాడనుకుని మాట్లాడు దాలమ్మా" అన్నాను ఒకసారి.

"ఆయన ముందు నాకు మాట రాదమ్మా" అంది.

సరే, నువ్వే ఆయనవైపో అన్నాను. తువ్వాలు భుజాన వేసుకుంది. నిలబడే తీరు మారింది, గొంతు మారింది. అసిరమ్మ బేసిను మీద గట్టిగా దెబ్బ వేసి, "ఏటి సోములు బావా, నీ పెళ్ళాం మూగదేటి?" అంది.

"మూగదెందుకవుద్ది? మాటలొచ్చు."

"మరెప్పుడూ ఇనలేదే!"

"నానెక్కడ మాటాడనిచ్చినాను?"

హాలంతా నవ్వింది. దాలమ్మ తువ్వాలు తీసేసి, తన పేరు తాను చెప్పుకుని, చాలాసేపు ఏడ్చింది. వెళ్తూ వెళ్తూ "అప్పా, నువ్వు బేసిను బాగా వాయిస్తావు" అంది అసిరమ్మతో. ఆమె తనంతట తాను మొదలుపెట్టి పూర్తి చేసిన మాట నేను వినడం అదే మొదలు.

4. ఆ తర్వాతి వారమే తమరు హాలు తనిఖీకి వచ్చారు. దాలమ్మ మళ్ళీ సోములు వేషంలో ఉండగా గుమ్మంలో నిలబడి కాసేపు చూశారు. "చాలా నేచురల్‌గా ఉందమ్మా, జనంలోకి తీసుకెళ్దాం" అన్నారు. వద్దని రాతపూర్వకంగా మనవి చేశాను. స్క్రిప్టు మూడు ప్రతులు పంపమని జవాబు వచ్చింది. ఇందులో స్క్రిప్టు ఉండదని రాశాను. స్క్రిప్టు లేనిదే హాలు కొనసాగించడం కుదరదని రాసి, తాళం వెనక్కి తీసుకున్నారు. ఏడవబోయే మనిషి ఏ పంక్తి దగ్గర ఏడుస్తుందో ముందే మూడు ప్రతుల్లో రాసిచ్చే విద్య నాకు రాదు. ఇంతలో దాలమ్మే, "నానెల్తాను మేడమ్. మైకు నానెప్పుడూ పట్టుకోలేదు" అంది. ఎన్నేళ్ళకో ఒక కోరిక చెప్పిన మనిషిని కాదనే హక్కు నాకుందో లేదో తేల్చుకోలేక ఒప్పుకున్నాను.

5. మద్యపాన వ్యతిరేక అవగాహన కళాజాత పేరిట హైస్కూలు గ్రౌండులో జరిగినది ఈ క్రింది విధముగా ఉన్నది.

తమరు రావడం ఆలస్యమైంది. బేసిను స్టేజీ మీద బాగుండదని అసిరమ్మను కింద చప్పట్లు కొట్టేవాళ్ళలో కూర్చోబెట్టారు. తమ ప్రచార విభాగంలోని ధనరాజ్ గారు, స్టేజీ ఎక్కుతున్న దాలమ్మ చేతిలో రంగునీళ్ళ సీసా ఒకటి పెట్టారు. సీసా ఏమిటని నేను అడిగితే, "మెసేజ్ ఉండాలి కదా మేడమ్" అన్నారు. తర్వాత మైకు పుచ్చుకుని, "ఇదిగో మీ ముందుకు వస్తున్నాడు తాగుబోతు సోములు! రోజూ తన్నులు తినే దాలమ్మ మొగుడు!" అన్నారు. నాలుగు గోడల మధ్య మేము వాడుకున్న పేరును, పేరు కూడా మార్చకుండా, ఆయన పుట్టి పెరిగిన ఊరిలో, ఆయనతో మిల్లుకు నడిచివెళ్ళిన మనుషుల ముందు పలికారు.

దాలమ్మ చేతిలోని సీసా వైపు చూస్తూ నిలబడింది. మరచిపోయిందనుకుని ధనరాజ్ గారు మాట అందించబోయారు. ఆమె సీసాను విసిరికొట్టింది.

"ఎవుడ్రా తాగుబోతు? మిల్లు కూత కూసినాక నాను తిన్నగా ఇంటికొచ్చీసీవోణ్ణి. నాకో సుక్క పోసినోడు ఈ ఊర్లో ఎవుడైనా ఉంటే లెగండి. లెగండ్రా సూద్దాం!"

అది సోములు గొంతే. జనం ఈలలు వేశారు, విరగబడి నవ్వారు. నాటకమనుకున్నారు, వాళ్ళ తప్పు లేదు. అయ్యా, తమరు కూడా నవ్వారు. ముందు వరుసలో కూర్చుని, పక్కాయన తొడ మీద చరిచి మరీ నవ్వారు. మొగుణ్ణి నిలదీయడానికి మాట నేర్చుకుంటున్న మనిషి, అదే మొగుడి పరువు కోసం వాడి గొంతుతోనే ఊరంతటి మీదా తిరగబడుతుంటే, తమకు కామెడీ కనిపించింది.

అప్పుడే సమయాభావం వల్ల అంటూ మైకు కట్ చేశారు. అసిరమ్మ కింద నుంచి లేచి, "ఆగండి బాబూ! ఏషం దించనీండి! ఒక్క మాటడిగి దించీస్తాను!" అని అరుస్తూ మెట్ల దాకా వచ్చింది. వాలంటీరు కుర్రాడు అడ్డం నిలబడి, "అమ్మా, ఐటెం అయిపోయింది" అన్నాడు. దాలమ్మకు శాలువా కప్పారు. ఆమె దాన్ని భుజం మీద తువ్వాలులా మడిచి వేసుకుని, సోములు నడకతోనే మెట్లు దిగింది.

6. దిగింది మెట్లు మాత్రమే. మర్నాడు పొద్దున్నే ఆమె కోడలు యమున ఫోన్ చేసింది. "మేడమ్, అత్త ఇంకా మావలాగే ఉన్నాది. ఏటి సెయ్యమంటారు?"

వెళ్ళాను. దాలమ్మ వీధరుగు మీద సోములు కుర్చీలో కూర్చుని ఉంది. ఇదివరకు ఆమె కుర్చీలో కూర్చోగా నేను చూడలేదు. "రండి మేడమ్, కూకోండి. ఒలే యమునా, టీ ఎట్టు" అంది బొంగురు గొంతుతో. మధ్యాహ్నం దాకా ముసుగుతన్ని పడుకునే కొడుకు చినబాబు పనికి వెళ్ళిపోయాడట. "నాన్న గొంతు ఇనేసరికి ముసుగు తీసి లెగిసీసినాను మేడమ్" అన్నాడు తర్వాత. సోములు పూనాడని కొందరు కొబ్బరికాయ కొట్టి వెళ్ళారు. కొందరు భూతవైద్యుణ్ణి తెస్తామంటున్నారు. పేటలోని డాక్టరుగారు నిద్రమాత్రలు రాశారు. దాలమ్మ నిద్ర బాగానే పోతోంది. నిద్ర లేనిది నాకు.

అసిరమ్మ బేసిను పట్టుకొచ్చి, "నువ్వెవులివి?" అని అడిగింది.

"సోముల్ని."

"సరీగా సెప్పు. నువ్వెవులివి?"

"ఎన్నిసార్లడుగుతావే అసిరీ? సెవుడేటి నీకు?"

అసిరమ్మ బేసిను చంకన పెట్టుకుని, "నా వల్ల కాదు తల్లీ, నా బేసినుకే ఎదురు సమాధానం సెప్తంది" అంటూ వెళ్ళిపోయింది. ఎవరూ లేకుండా చూసి దాలమ్మ నా చేయి పట్టుకుంది. తన గొంతుతో, మెల్లగా అంది: "నాకు తెలీదేటమ్మా నాను దాలమ్మనని? తెలుసును. ఊరందరి ముందూ ఆయన్ని తాగుబోతన్నారు. నాను దిగిపోతే ఆయన తరఫున మాటాడీదెవులు? దాలమ్మ సెప్తే ఎవులింటారు? అదే గ్రౌండులో, అదే మైకులో, సోములు తాగడని సెప్పించండి. అప్పుడు దిగుతాను."

7. ఈ స్థితిలో నెల గడవగా, తమ కార్యాలయం నుంచి తాజా ఉత్తర్వు అందినది. సదరు ప్రదర్శన విశేష ప్రజాదరణ పొందినందున మిగిలిన మండలాలలోనూ ప్రదర్శించవలెననియు, సీసా విసురుట, "ఎవుడ్రా తాగుబోతు" అను డైలాగు యథాతథముగా ఉంచవలెననియు అందులో ఉన్నది. కాపురం చేసిన మనిషి మీద నింద పడితే గుండె మండి వచ్చిన మాట, తమకు డైలాగు! అది మళ్ళీ మళ్ళీ రావాలంటే మళ్ళీ మళ్ళీ ఆ నింద వేయాలి కదా. ఊరూరా ఆమె చేతికి సీసా ఇచ్చి, ఊరూరా చనిపోయినవాణ్ణి తాగుబోతును చేసి, ఊరూరా ఆమె ఉడికిపోతుంటే చప్పట్లు కొట్టిస్తారా? కోడి పందేల మీద నిషేధం ఉంది. దీని మీద లేదా?

8. వీడియో ఫోన్లలో తిరుగుతోంది. పేటలో పిల్లలు చినబాబును చూసి "ఎవుడ్రా తాగుబోతు" అంటున్నారు. ఇంతకంటే రాయలేను.

9. తమరు అడగవచ్చు: దాలమ్మను వేషంలోకి పంపింది నువ్వే కదమ్మా అని. నిజమే. నాటకం మనసును బాగుచేస్తుందని నమ్మే నేను, అది ఇంత దూరం తీసుకెళ్తుందని ఎరుగుదునా అంటే, పుస్తకంలో చదివాను, అంతవరకే. కానీ మాకు తలుపుండేది, బేసిను ఉండేది, చివర ఒక చెంబు నీళ్ళుండేవి. తమరు ఆ మూడూ తీసేసి మైకు పెట్టారు.

కాబట్టి ప్రార్థించునదేమనగా: కళాజాతలో దాలమ్మ పేరు, సోములు పేరు, ఆ సీసా వెంటనే తీసివేయించవలెను. వీడియోను తొలగింపజేయవలెను. హాలు తాళం మాకు తిరిగి ఇప్పించవలెను; స్క్రిప్టు అడగరాదు. అన్నిటికంటే ముందు, అదే గ్రౌండులో, అదే మైకులో, సాధ్యమైతే అదే ధనరాజ్ గారి నోటితో, "మిల్లు కార్మికుడు సోములు ఏనాడూ మద్యం ముట్టలేదు, మేము అబద్ధం చెప్పాము" అని ప్రకటన చేయించవలెను. తమరు ముందు వరుసలో కూర్చోవలెను. ఈసారి ఆలస్యంగా రాకూడదు.

ఇదంతా చిత్తగించవలెను. చిత్తగించునప్పుడు నవ్వరాదని అదనపు మనవి.

తమ విధేయురాలు (ఇంకా ఎంతకాలమో చెప్పలేను),
పొట్నూరు శైలజ

తా.క. కవరు అంటించే ముందు ఈ అర్జీని యమునకు చదివి వినిపించాను. బియ్యం ఏరుకుంటూ వింది. "గట్టిగానే ఏసినారు మేడమ్" అంది. ఒక రాయి ఏరి పారేసి, "మైకులో సెప్పించేస్తే అత్త దిగిపోద్ది కదా?" అంది.

"దిగుతుంది. మాట ఇచ్చింది."

"దిగిపోతే మళ్ళా అందరం తిన్నాక, గిన్నెలో మిగిలింది తింటాది." చేట పక్కన పెట్టింది. "ఇప్పుడు ముందు కూకుంటంది. కూర ఇంకాస్త ఎయ్యవే అంటంది, అచ్చం మావ అన్నట్టే. నాకు భయమేస్తాది మేడమ్. భయపడతానే ఏస్తన్నాను. ఒళ్ళు కూడా చేసింది, సూసినారా?"

చూశాను. చూసి కూడా, మంచి జరిగిందనే మాట నా నోటివెంట రాలేదు.

అయ్యా, తమరు అర్జీ తోసిపుచ్చితే చనిపోయిన మనిషికి అన్యాయం. మంజూరు చేస్తే ఆమె దిగుతుంది. దిగి, తన పేరు తాను చెప్పుకుని, ఆ పేరుతో ఎవరూ మాట వినని ఇంట్లోకి నడిచి వెళ్తుంది. నేను నేర్చుకున్న చదువు దింపమంటుంది. దింపకపోతే అది జబ్బు అంటుంది. మొగుడి గొంతు అరువు తెచ్చుకుంటే తప్ప కూర అడగలేని బతుకును ఏమంటారో ఆ చదువు చెప్పలేదు.

అర్జీ వెనక్కి తీసుకోను, ప్రకటన చేయించండి. దాలమ్మను దింపాలో వద్దో మాత్రం నేను ఇంకా తేల్చుకోలేదు.