గడియారంలో లేని చప్పుడు

అక్కా,

అమ్మాయి పురుడయ్యేదాకా నువ్వు నా దగ్గర దింపి వెళ్లిన బావగారు కులాసా. మా హాల్లో గోడగడియారం మాత్రం కులాసాగా లేదు.

నా ఉప్పునీటి చేపల తొట్టెలో కొత్తగా ఒక పిస్టల్ రొయ్య చేరింది. వేలెడంత లేదు గానీ, పట్టకారు లాంటి చెయ్యి మూసిందంటే టక్కుమంటుంది. ఆ సంగతి చెప్పకుండా ఆఫీసుకు వెళ్లడం నా తప్పే. నలభై ఏళ్లు గడియారాలు బాగుచేసిన మనిషి కదా, ఆ చప్పుడు విని గోడగడియారానికే ఏదో రోగమొచ్చిందని మొత్తం విప్పేశారు. సాయంత్రం నేనొచ్చేసరికి చక్రాలన్నీ పళ్లెంలో ఉన్నాయి. తిరిగి బిగించడానికి మరలు కనబడలేదట.

"వెలుతురు చాల్లేదోయ్," అన్నారు.

లైటు వెలుగుతూనే ఉంది. తొట్టె దగ్గర కూర్చోబెట్టి రొయ్య సంగతి చెప్పాను. దానికి చూపు సరిగా ఆనదు. బొరియ తవ్వేది అదే, గుమ్మంలో కాపలా మాత్రం గోబీ అనే చిన్న చేపది. బయటికొస్తే రొయ్య ఒక మీసం చేప మీద ఆనించే ఉంచుతుంది. చేప తోక ఆడించిందా, లోపలికి పరుగే.

"దానికి నామోషీగా ఉండదూ?" అనడిగారు.

"తవ్వే పనిలో ఉంది బావా, తీరిక లేదు," అన్నాను.

నువ్వు ఏడాదిగా బతిమాలినా చెయ్యి పట్టుకోని మనిషి, మర్నాడు మెట్లు దిగుతూ నా చొక్కా అంచు పట్టుకున్నారు. ఇద్దరం ఆ ఊసెత్తలేదు. అప్పట్నుంచి రోజూ అంతే.

తీసుకెళ్లడానికి వచ్చినప్పుడు నువ్వు చెయ్యి చాచకు. శాలువా కప్పుకుని రా. అంచు కాస్త పొడుగ్గా వదిలెయ్.

నీ తమ్ముడు